గట్టిగా చదవవలసిన ఉత్తరాలు

ఎడిటింగ్ గది, స్టూడియో మూడో అంతస్తు
సోమవారం

ఉరుము అన్నయ్యకి,

నీ కుట్టు మిషనూ నీ గొంతూ రెండూ బాగా నడుస్తున్నాయనీ, వదినకి చెవుల్లో పెట్టుకోవడానికి సరిపడా దూది దొరుకుతోందనీ తలుస్తాను.

సినిమా అయిపోయింది! పదకొండు నెలలు ఈ కిటికీ లేని గదిలో కత్తిరించి, అతికించి, మళ్ళీ కత్తిరించి, ఇవాళ మధ్యాహ్నం కుర్చీలోంచి లేచాను. మోకాళ్ళు నాకంటే ఒక నిమిషం ఆలస్యంగా లేచాయి. కథ చెప్పాను కదా. ఒక ఏలిక అద్దంలో తన బట్టతల చూసుకుని, దేశంలో అద్దాలన్నీ నిషేధిస్తాడు. ఇక గడ్డం గీసుకున్న ప్రతివాడి బుగ్గ మీదా గాటు, పెళ్ళికొడుకు చొక్కా తిరగేసి తొడుక్కుని రావడం, ఒకటే గోల. దేశాన్ని ఏలుతున్న మన పెద్దాయనకి కూడా బట్టతల ఉండటం తన తప్పు కాదంటాడు మా రచయిత. పెద్దాయన సేవాదళం వాళ్ళు అప్పుడే గేటు ముందు రెండుసార్లు అరిచి వెళ్ళారు. మా యజమానురాలు అమ్మగారు వాళ్ళకి మంచినీళ్ళు పంపించింది.

ఇరవై ఏళ్ళుగా నీ ప్రార్థన సభ బోధల్లో సినిమాని గొయ్యి అంటున్నావు. ఒక్కసారి ఆ గోతిలోకి తొంగిచూడరాదూ? వదిన కొలతలు దాచుకునే కంప్యూటర్లో మా స్టూడియో పేజీ తెరిపించి ఈ మాట కొట్టించు: ఎర్రకత్తెర నలభై ఏడు. బయటివాళ్ళకి చూపించాలంటే మూడు సంతకాలు కావాలి. ఆ తిరుగుడు పడలేక మా గది సొంత పాస్‌వర్డే ఇస్తున్నాను. చూశాక ఈ ఉత్తరం చించెయ్.

నీ కత్తెర


సభ గది, దర్జీ దుకాణం పై అంతస్తు
మంగళవారం, వారం తర్వాత

కత్తెర చెల్లికి,

కునుకు తీయని కాపరి నీ గది గుమ్మం దగ్గర నిలబడుగాక. కిటికీ లేదన్నావు కాబట్టి గుమ్మం ఒక్కటి కాస్తే చాలు.

చూశాను! శత్రువు పాళెంలోకి వేగులవాళ్ళని పంపడం గ్రంథంలో ఉన్నదే. నలభై నిమిషాలు చూశాను. చొక్కా తిరగేసి తొడుక్కున్న పెళ్ళికొడుకు దగ్గర మీ వదిన నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. నేను నవ్వలేదు. దగ్గాను. ఆ తర్వాత డాన్సు మొదలవగానే కట్టించేశాను. సభలో అడిగితే ఏం చెప్పుకోను? ఇంతకీ ఆ పెళ్ళికొడుకు చొక్కా కుట్టినవాడెవడు? భుజం దగ్గర రెండు వేళ్ళు ఎక్కువైంది. నీతి సంగతి దేవుడు చూసుకుంటాడు, భుజం సంగతి నేను చూడలేకపోతున్నాను.

ఆదివారం సభలో అందరూ నిన్ను అడిగారు. నీ మోకాళ్ళ సంగతి విని సంచులు కుట్టే ఆవిడ కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. వెనక బెంచీ తాత నీకు దీవెనలు చెప్పమన్నాడు. సభ పెరుగుతోంది చెల్లీ! నల్ల కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన ఈమధ్య వరసగా వస్తున్నాడు. రెండో వరసలో కూర్చుని ప్రతి మాటా పుస్తకంలో రాసుకుంటాడు. నా బోధ రాసుకున్నవాణ్ణి ఇరవై ఏళ్ళలో ఇతణ్ణే చూశాను.

నీ అన్నయ్య


స్టూడియో క్యాంటీన్, మూల బల్ల
శుక్రవారం

అన్నయ్యా,

పెద్ద గొడవైంది. కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. అందరం క్యాంటీన్లోనే ఉన్నాం, ఎందుకంటే పనిచేస్తున్న యంత్రం ఈ టీ కాచేది ఒక్కటే.

నిన్న పొద్దున తొమ్మిదింటికి స్టూడియోలో ప్రతి తెర మీదా పగిలిన అద్దం బొమ్మ, కింద ఎర్ర అక్షరాలు. సినిమా నెల రోజుల్లో చెత్తబుట్టలో వెయ్యాలట. లేదంటే ఆరేళ్ళుగా మేం ఒకళ్ళకొకళ్ళం రాసుకున్న ఈమెయిల్స్ అన్నీ విడతలు విడతలుగా లోకానికి చూపిస్తారట. ఆడించిన హాళ్ళలో కూర్చున్నవాళ్ళ క్షేమానికి తమ పూచీ లేదట. ఇది మాత్రం చదువుతుంటే ఎవరూ నవ్వలేదు. నేను కత్తిరించిన సినిమాని సర్వర్లోంచి తుడిచేశారు. పదకొండు నెలలు అన్నయ్యా, బల్ల మీద నీళ్ళు తుడిచినట్టు.

రుచి చూడమని మొదటి విడత నిన్ననే వదిలారు. మా హీరో వయసు నలభై నాలుగు కాదు, యాభై ఎనిమిది. విగ్గు సైజుతో సహా బయటికొచ్చింది. మా రచయిత ఆయన్ని 'నడిచే గుమ్మడికాయ' అని రాసిన ఈమెయిల్ కూడా. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే లిఫ్టులో ఎక్కారు. లిఫ్టు రెండో అంతస్తు దగ్గర ఆగిపోయింది. ఇరవై నిమిషాల తర్వాత తెరిస్తే ఇద్దరూ గోడలకేసి చూస్తూ నిలబడి ఉన్నారు.

ఇప్పుడు కంప్యూటర్ ముట్టుకోవాలంటేనే భయం. సామాన్ల గదిలోంచి పాత టైపు మిషన్లు నాలుగు దింపారు. రెండింటికి లోపల ఏమీ లేదు, అవి నటించడానికి కొన్నవి.

ఏదైనా పెద్ద నిర్ణయం ఉంటే విభాగాల పెద్దలు ఏడుగురం చీటీలు రాసి, సంతకం పెట్టి, క్యాంటీన్ పాత కెటిల్లో వెయ్యడం మా పద్ధతి. ఇప్పటికి ఆరు పడ్డాయి. మూడింటిలో సినిమా 'ఆపాలి', మూడింటిలో హాళ్ళలో 'వెయ్యాలి'. ఏడోది నాది. అమ్మగారు ఒక్కటే అంది: "నేను పిరికిదాన్ని కాదే. కానీ హాల్లో చీకట్లో టార్చిలైటు పట్టుకుని నిలబడేది నేను కాదు కదా."

ఏం రాయను?

కత్తెర


సభ గది
ఆదివారం

చెల్లీ,

ఏం రాయనని అడుగుతావా? ఎవర్ని అడుగుతున్నావు? రాజుల ముందు మోకాలు వంచని వాళ్ళ సంగతులు పొద్దున్నే చదవనిదే దారం సూదిలోకి ఎక్కించని వాణ్ణి అడుగుతున్నావు!

గ్రంథంలో ఒక రాజున్నాడు. చలికాలం. కుంపటి ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ప్రవక్త రాయించి పంపిన రాతల చుట్ట ఒకటి తెచ్చి చదువుతున్నారు. మూడు నాలుగు ముక్కలు చదవగానే రాజు చాకుతో అంతవరకూ కోసి కుంపట్లో పడేస్తాడు. మళ్ళీ చదవడం, మళ్ళీ కొయ్యడం. చుట్ట మొత్తం బూడిదైంది. నీకంటే ముందు పుట్టిన ఎడిటర్ చెల్లీ ఆ రాజు, కాకపోతే అతికించడం నేర్చుకోలేదు! ప్రవక్త ఏం చేశాడు? గోడకి తల కొట్టుకున్నాడా? ఇంకో చుట్ట తెప్పించి, రాతగాణ్ణి కూర్చోబెట్టి, కాలిపోయిన ప్రతి మాటా మళ్ళీ చెప్పాడు. అంతటితో ఊరుకున్నాడా? అలాంటివే మరికొన్ని కలిపాడు! వింటున్నావా? మరికొన్ని కలిపాడు!

రాజు పేరు ఎవరికీ నోరు తిరగదు. చుట్ట మాత్రం ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

కాబట్టి లే. తుడిచేసింది మళ్ళీ కత్తిరించు. 'వెయ్యాలి' అని పెద్ద అక్షరాలతో రాయి. మీ అమ్మగారు అడిగింది మాత్రం మంచి ప్రశ్న. సింహాల గుహ శిక్షకి ఆ భక్తుడు తానే సిద్ధపడ్డాడు, పక్కింటివాణ్ణి తోయలేదు. వెయ్యాలో వద్దో ఆ టార్చిలైటు మనిషినే అడగండి.

ఇంతకీ దొంగలు లోపలికి ఎలా వచ్చారో తెలిసిందా? తెలిస్తే రాయి. తెలియకపోయినా రాయి.

అన్నయ్య


స్టూడియో మెట్లు, రెండో అంతస్తు
బుధవారం

అన్నయ్యా,

తెలిసింది.

కంప్యూటర్ల భద్రత చూసే ఆయన్ని పిలిపించారు. మేం తాళాల మనిషి అంటున్నాం. రెండు రోజులు ఒక్కో కంప్యూటరూ వెతికి, చివరికి ఒకే ముక్క చెప్పాడు: "దొంగ తలుపు పగలగొట్టలేదు. తాళంచెవితో దర్జాగా వచ్చాడు." బెదిరింపు రావడానికి ముందు ఆదివారం మధ్యాహ్నం, ఎడిటింగ్ గది పాస్‌వర్డుతో, మొదటిసారికే తప్పు లేకుండా. మా గదిలోంచి స్టూడియో అంతటికీ దారి ఉందట. అది నాకూ తెలియదు.

ఇప్పుడు మెట్ల మీద ఎదురైనవాళ్ళు నాకు దారి ఇస్తున్నారు, మర్యాద ఎక్కువై కాదు. అమ్మగారు తన టీ కప్పు నా వైపు జరిపింది. అదే భయంగా ఉంది.

ఆ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఉత్తరం చించేశావు కదూ? చించేశానని ఒక్క ముక్క రాయి, చాలు.

ఇంకోటి. నా చీటీ మీద 'ఆపాలి' అని రాశాను. ఇంకా కెటిల్లో వెయ్యలేదు, పర్సులోనే ఉంది. కుంపటి రాజు కథ బాగుంది. షూట్ చేసిన ముడి దృశ్యాలన్నీ ఇనుప బీరువాలో విడిగా ఉన్నాయి, నా కోతల నోటు పుస్తకం ఉంది. మళ్ళీ కత్తిరించగలను. కానీ ఆపాలనడానికి నా కారణం నాకుంది. అడగకు.

కత్తెర


దుకాణం, ఇస్త్రీ బల్ల
శనివారం

చెల్లీ,

నాలుగు కాగితాలు పాడుచేశాను. మొదటిదాంట్లో మనుషుల బలహీనత మీద బోధ రాశాను. రెండోదాంట్లో అపవాది సాతాను మీద. మీ వదిన చదివి, "అపవాదికి ఇందులో ఏం పని? నువ్వు చేసింది రాయి" అంది.

రాస్తున్నాను. నీ ఉత్తరం చించాను. చించకముందు సభలో చదివాను.

నీకు తెలియదు కదూ, పన్నెండేళ్ళుగా నీ ప్రతి ఉత్తరమూ చదువుతున్నాను. మొదటి కాలపు సభల్లో దూరాన ఉన్నవాళ్ళ ఉత్తరాలు అందరి ముందూ చదివేవారు. మనకి ఉత్తరాలు రాసే అపొస్తలులు ఎవరున్నారు? నువ్వున్నావు. బోధ అయ్యాక నీ ఉత్తరం కోసమే సగంమంది లేవకుండా కూర్చుంటారు. ఇది ఒప్పుకోవడానికి నాకెంత కష్టమో దేవుడికి తెలుసు.

ఆ రోజు కూడా మొదలుపెట్టాను. మోకాళ్ళ దగ్గర నవ్వారు. మంచినీళ్ళ దగ్గర నవ్వారు. నేను ఊపుమీదున్నాను. ఊపుమీదున్నవాడికి ముందు ఏ వాక్యం వస్తోందో కనపడదు. పాస్‌వర్డు చదివేశాను. వెనక బెంచీ తాత "ఏంటీ?" అన్నాడు. అతనికి చెవుడు కదా. మళ్ళీ చదివాను, గట్టిగా, అక్షరం అక్షరం విడదీసి.

నల్ల కళ్ళద్దాల మనిషి రాసుకున్నాడు. ఆ రోజు నా బోధ ఎంత బాగుందో అనుకున్నాను చెల్లీ. అతను సేవాదళం ఆఫీసులో పనిచేస్తాడని నిన్న సంచుల ఆవిడ చెప్పింది.

ఆదివారం నుంచే నాకు అనుమానం. అయినా నీకు రాజులకి వంగొద్దని బోధించాను. నేను మాత్రం నీకు నిజం చెప్పడానికి వారం రోజులు వంగే కూర్చున్నాను. మీ అమ్మగారి ముందుకి వచ్చి ఈ నోటితోనే చెబుతాను. ఎప్పుడు రమ్మంటావు?

ఉరుము అని పిలవకు కొన్నాళ్ళు.


ఎడిటింగ్ గది
మంగళవారం

అన్నయ్యా,

నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. అక్షరం అక్షరం విడదీశావా! అయ్యో అన్నయ్యా!

నువ్వు రావద్దు. పాస్‌వర్డు కాగితం మీద రాసి పంపింది నేను. ఆ ముక్క ఈ పొద్దున్నే అమ్మగారికి చెప్పేశాను. "సరేలే, నా పాస్‌వర్డు నా గోడ క్యాలెండర్ మీద ఉంది" అంది.

నువ్వు చెప్పావు కాబట్టి ఇక నేనూ చెప్పాలి. నువ్వు డాన్సు దగ్గర ఆపేశావు కదా. ఆ డాన్సు తర్వాత ఏలిక మేడ మీదికి వచ్చి అద్దాలకి వ్యతిరేకంగా ఆరు నిమిషాలు ఉపన్యసిస్తాడు. సినిమాకి ప్రాణం అదే. మా రచయిత పద్నాలుగు సార్లు రాసినా రాలేదు. అప్పుడు నేను నీ ఉత్తరాలు ఇచ్చాను. పన్నెండేళ్ళవీ.

గుర్తుందా, నేను నిలువుటద్దం కొనుక్కున్నప్పుడు ఎనిమిది పేజీలు రాశావు? "అద్దమనేది ఎవడు ముందు నిలబడితే వాడి మొహం పెట్టుకునే పచ్చి మోసకారి!" ఆ వాక్యం ఉంది. "వింటున్నావా? అడుగుతున్నాను!" ఉంది. మధ్యలో ఆగి నీళ్ళు తాగడం కూడా ఉంది. నటుడు మొదటిసారి చెప్పినప్పుడు లైట్లు పట్టుకున్నవాళ్ళు సైతం పడీ పడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నేను నవ్వాను.

దొంగలు ఎత్తుకుపోయినవాటిలో నేను రచయితకి రాసిన ఈమెయిల్ ఉంది. "మా అన్నయ్య ఉత్తరాలు పంపుతున్నాను. ఇంతకంటే గాలి నిండిన బుడగ ఈ దేశంలో దొరకదు." అలాగే రాశాను అన్నయ్యా, ఆ అక్షరాలతోనే. రెండో విడతలో అది వస్తుంది. నీ సభలో ఎవడో ఒకడు నీకు చదివి వినిపిస్తాడు. ఆపాలని అందుకే రాశాను. హాళ్ళ గురించీ కాదు, ధైర్యం గురించీ కాదు.

చీటీ వచ్చే శుక్రవారం లోపు వెయ్యాలి. నీ మాటలు, నీ గొంతు. వద్దంటే 'ఆపాలి' అన్న చీటీయే వేస్తాను. నాకు ఒక సినిమా పోతుంది, అంతే.

నీ చెల్లి


దుకాణం
గురువారం

చెల్లీ,

అందింది. ఆదివారం దాకా ఏమీ రాయను.


సభ గది
ఆదివారం, సభ అయిన వెంటనే

ఏమే కత్తెరా,

మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఒక పంట్లాముకి కాళ్ళు రెండూ ఎడమవైపువే కుట్టాను. మీ వదిన "నీ వెనక నవ్వింది, నిజమే. మరి పన్నెండేళ్ళు నువ్వు ఆమె ఉత్తరాలతో సభ నింపుకోలేదా?" అంది. ఆవిడకి బోధ చెయ్యడం రాదు కానీ నాకు చెబితే తగులుతుంది.

ఇవాళ సభలో లేచి నిలబడి నీ ఉత్తరం చదివాను. అంతా! ఈసారి అడ్డంకులు లేవు, పాస్‌వర్డు లేదు. గాలి నిండిన బుడగ దాకా వచ్చాను. వెనక బెంచీ తాత "ఏంటీ?" అన్నాడు.

"గాలి నిండిన బుడగ!"

"ఎవరూ?"

"నేను!"

అప్పుడు సంచుల ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కనున్నాయన తల దించుకున్నాడు, భుజాలు ఊగుతున్నాయి. ఇక గది గది అంతా! మీ వదిన బెంచీ మీదినుంచి జారింది, ఆవిడకి అది అలవాటైపోయింది. నేనూ నవ్వాను. దగ్గలేదు. తర్వాత అద్దం వాక్యం చెప్పమన్నారు, చెప్పాను. నిజం చెప్పనా? వాక్యం బాగుంది.

ఒక్కడూ లేచి వెళ్ళలేదు. నల్ల కళ్ళద్దాల మనిషి ఇవాళా వచ్చాడు, కలం మాత్రం తీయలేదు. అతని చేతిలో దాచుకోవడానికి ఏం మిగిలింది చెప్పు? మనమే చదివేశాం కదా!

చెల్లీ, గ్రంథంలో గాడిద నోట మాట పలికించిన దేవుడు విగ్గు పెట్టుకున్న నటుడి నోట నా మాట పలికిస్తే కాదనడానికి నేనెవర్ని? వెయ్యి. 'వెయ్యాలి' అని రాసి వెయ్యి. ఇంకో సంగతి విను, ఇది బోధ కాదు, నేను చేసి చూసింది. మీ వాళ్ళందర్నీ క్యాంటీన్లో కూర్చోబెట్టండి. దొంగ చదవకముందే ఎవరిది వాళ్ళు లేచి చదవండి. గట్టిగా. మొదటి నిమిషం చచ్చిపోతాం. రెండో నిమిషంలో ఎవరో ఒకరు జారి కింద పడతారు.

ఉరుము (మళ్ళీ పిలవొచ్చు)


స్టూడియో క్యాంటీన్
ఆదివారం, నాలుగు వారాల తర్వాత

ఉరుము అన్నయ్యకి,

ఆ శుక్రవారమే చీటీ వేసి, నీ ఉత్తరం అమ్మగారికి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివి, కెటిల్ మీద గరిటెతో కొట్టి అందర్నీ పిలిచింది.

నూట ఆరుగురం. మొదట అమ్మగారే లేచింది. షూటింగ్ మొదలవకముందే పెద్దాయనకి క్షమాపణ లేఖ రాసి పెట్టుకుందట, మూడు నకళ్ళు. చదివి, మా ముందే చించింది. తర్వాత నేను. తర్వాత హీరో లేచి "వయసు యాభై ఎనిమిది కూడా కాదు, అరవై ఒకటి" అన్నాడు. మా రచయిత లేచి ఆయన్ని కౌగలించుకుంటే విగ్గు జరిగింది. సామాన్ల గది ఆయన ఎవరికీ తెలియకుండా ఆరేళ్ళు తనకి తానే పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుకున్నాడట. ఇక్కడ మాత్రం ఎవరం నవ్వలేదు. వచ్చే నెల ఆయన పుట్టినరోజు, రాసి పెట్టుకున్నాం. కొందరు చదవలేదు. చదవమని ఎవరూ అడగలేదు కూడా. రెండో విడత మొన్న వచ్చింది. ఊళ్ళో రెండు రోజులు నవ్వుకుని ఊరుకున్నారు.

హాళ్ళ సంగతి. బెదిరింపు కాగితం దాచకుండా నలభై రెండు హాళ్ళకీ పంపాం. యజమానుల్ని కాదు, తలుపు తీసేవాళ్ళని, ఊడ్చేవాళ్ళని, టార్చిలైటు పట్టుకునేవాళ్ళని విడివిడిగా అడిగాం. ఒక్కరు వద్దన్నా ఆ హాలు వద్దు. పదకొండు మిగిలాయి. టిక్కెట్టు మీద కూడా ప్రమాదం సంగతి అచ్చువేశాం. గేటు దగ్గర పోలీసులు, సంచుల తనిఖీ. ఒక హాల్లో తలుపు తీసే ముసలాయన అన్నాడు: "ముప్పై ఏళ్ళు దెయ్యాల సినిమాలకి తలుపు తీశాను, బట్టతలకి భయపడతానా?"

పద్దెనిమిది రోజుల్లో మళ్ళీ కత్తిరించాను. నీ ప్రవక్త లాగే కొంచెం కలిపాను. మొదటిసారి నిడివి ఎక్కువైందని తీసేసిన దృశ్యం ఒకటుంది. ఏమిటో చెప్పను. డాన్సు దగ్గర కళ్ళు మూసుకో, కానీ లేవకు.

కత్తెర


దుకాణం, గుమ్మం దగ్గర బల్ల
సోమవారం, వారం తర్వాత

చెల్లీ,

చూశాను. డాన్సుతో సహా. దానికి నేను తర్వాత లెక్క చెప్పుకుంటాను.

హాల్లో సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్ళు మొదట గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. పెళ్ళికొడుకు రాగానే అందరి మొహాలూ తెర వైపు తిరిగాయి. ఏలిక మేడ ఎక్కి నోరు తెరిచేసరికి నా చెవులు వేడెక్కాయి. పక్క కుర్చీలో ఆవిడ నవ్వు ఆపుకోలేక నా మోచెయ్యి పట్టుకుని, "ఇలాంటివాళ్ళు నిజంగా ఉంటారంటారా?" అంది.

"ఉంటారమ్మా. బట్టలు కుట్టుకుంటూ ఉంటారు" అన్నాను.

అంతలో నువ్వు కలిపిన ముక్క వచ్చింది. ఊరి అద్దాలన్నీ పగలగొట్టాక, ఒక దర్జీ కొట్లో పరదా వెనక నిలువుటద్దం ఒకటి మిగిలి ఉంటుంది. జనం కొలతల వంకతో ఒక్కొక్కళ్ళూ లోపలికి వెళ్ళి, తమ మొహం చూసుకుని, ఏమీ మాట్లాడకుండా బయటికి వస్తారు. దర్జీ ఒక్క మాట కూడా అనడు. చెల్లీ, నేను అంతసేపు మాట్లాడకుండా ఉండటం నువ్వెక్కడ చూశావే? ఆ పరదా మీద పువ్వులు మన పరదావే. నేను నవ్వలేదు, దగ్గలేదు. పక్క ఆవిడ తన రుమాలు ఇచ్చింది.

ఇవాళ పొద్దున దుకాణం తెరిస్తే మన నిలువుటద్దం పగిలి ఉంది. వెనక కిటికీలోంచి రాయి వేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, పోలీసులకి చెప్పాను. పగిలినదాంట్లో ముగ్గురు నేనులు కనపడుతున్నారు, ముగ్గురూ బోధ మొదలుపెట్టేలా ఉన్నారని మీ వదిన భయపడుతోంది.

కొత్తది వారం దాకా రాదు. మధ్యాహ్నం కొలతలకి సంచుల ఆవిడ వచ్చింది, చేతి అద్దం తెచ్చుకుని. ఆ తర్వాత పక్క వీధి పంతులమ్మ, గోడకి తగిలించుకునే అద్దం చంకలో పెట్టుకుని. వెనక బెంచీ తాత గడ్డం గీసుకునే అద్దం తెచ్చాడు. అతనికి కుట్టించుకోవలసిన బట్టలే లేవు. ఇప్పుడు గోడ నిండా ఎవరెవరి అద్దాలో, తొమ్మిది. ఎటు తిరిగినా ఎవరో ఒకరి మొహం కనపడుతోంది.

ఈ ఉత్తరం చించకు. మీ క్యాంటీన్లో నిలబడి చదువు. వెనక బల్లవాళ్ళకి వినపడకపోతే మళ్ళీ చదువు, గట్టిగా.

అన్నయ్య